అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్: టీవీలో ఎంతమంది చూస్తారన్నది దేన్ని బట్టి ఉంటుంది? ప్రాజెక్ట్ సాయం కావాలి

గంటస్తంభం_జంక్షన్ (విజయనగరం)

అన్నలూ, అక్కలూ, డేటా సైన్స్ మినీ ప్రాజెక్ట్‌కి అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ తీసుకున్నాం. ఐపీఎల్ మీద బ్యాచ్‌లో ఇప్పటికే చాలా టీములున్నాయి, ఇంకోటి వద్దని మేడం చెప్పేసారు. పని ఏటంటే, ఒక మ్యాచ్‌ని టీవీలో సగటున ఎంతమంది చూస్తారో అంచనా కట్టాలి.

2016 నుంచి 2024 వరకు అంకెలు ఏరి షీట్ చేసాం. కాలమ్స్: రెండు జట్ల ర్యాంకులు (వారం వారం ఇచ్చే టాప్ 25), బెట్టింగ్ స్ప్రెడ్ (ఫేవరెట్ ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుందని పందెంవాళ్ల అంచనా), ఛానెల్, మొదలైన టైము, వారం, చివరికి ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారు, మొత్తం పాయింట్లు.

డౌట్లు ఇవి:
1. అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం దేనిది? జట్టు పేరా, ర్యాంకా, టైమా?
2. మధ్యాహ్నం 12 గంటల మ్యాచ్‌లకి రాత్రి మ్యాచ్‌ల కన్నా ఎక్కువ గుణకం (కోఎఫిషియెంట్) వస్తంది. రాత్రి ప్రైమ్‌టైమ్ కదా, ఇదెలగ?
3. షీట్‌ని యాదృచ్ఛికంగా 80-20 (80 శాతం నేర్పడానికి, 20 పరీక్షకి) విడగొడితే ఫలితం బాగుంది. 2025 సీజన్ మీద పెడితే మాత్రం అన్నీ తక్కువ చెప్తంది. ఒకటి రెండు కాదు, దాదాపు అన్నీ.
4. హోరాహోరీ మ్యాచ్‌నే జనం ఎక్కువ చూస్తారనుకున్నాం. స్ప్రెడ్ ప్రభావం చాలా చిన్నగా వస్తంది. కోడ్‌లో తప్పా?

---

నాగావళి_రేవు (శ్రీకాకుళం)

ముందు షీట్‌లోంచి రెండు కాలమ్స్ తీసెయ్ తమ్ముడూ: చివరి తేడా, మొత్తం పాయింట్లు. మ్యాచ్ అయ్యాక తెలిసేవాటితో మ్యాచ్‌కి ముందు అంచనా ఎలా కడతావు? 80-20లో బాగా రావడానికి అదొక కారణం. రెండో కారణం, ఒకే సీజన్‌లోని మ్యాచ్‌లు రెండు వైపులా పడటం. సీజన్ల వారీగా విడగొట్టు: 2016-2022 నేర్పడానికి, 2023 సరిచూసుకోడానికి, 2024 పరీక్షకి.

ఇక అసలు విషయం. నా లెక్కలో వరస ఇది: ఏ జట్లు ఆడుతున్నాయి, ఆ ఛానెల్ ఎన్ని ఇళ్లలో వస్తుంది, అదే గంటలో ఎదురుగా ఏముంది. ఆ తర్వాత ర్యాంకు, క్యాలెండర్. స్ప్రెడ్ వీటన్నిటి వెనకాలే.

జట్టు పేరు బరువు చూడాలంటే మిషిగన్-ఒహాయో స్టేట్ మ్యాచ్ పట్టుకో. ప్రతి ఏటా థాంక్స్‌గివింగ్ (నవంబర్ నాలుగో గురువారం సెలవు) తర్వాతి శనివారం మధ్యాహ్నం ఆడతారు. 2023లో రెండూ ఓటమి లేకుండా 2, 3 ర్యాంకుల్లో ఉన్నాయి: ఫాక్స్ ఛానెల్‌లో 1.9 కోట్ల మంది. 2024లో మిషిగన్‌కి ర్యాంకే లేదు, అయిదు మ్యాచ్‌లు ఓడి వచ్చింది, ఒహాయో స్టేట్ దాదాపు 20 పాయింట్ల ఫేవరెట్: అదే ఫాక్స్, అదే మధ్యాహ్నం, 1.23 కోట్లు. జట్లు, ఛానెల్, టైము, వారం ఏవీ మారలేదు. మారింది ర్యాంకు, మ్యాచ్‌కున్న ప్రాముఖ్యం, స్ప్రెడ్. వాటివల్ల మూడో వంతు పోయింది. మిగిలిన మూడింట రెండొంతులు ఆ రెండు పేర్లే తెచ్చాయి. ర్యాంకు లేని జట్టుతో మామూలుగా జరిగే మ్యాచ్‌కి ఆ 1.23 కోట్లలో సగం కూడా కష్టం.

అందుకని 'జట్టు బరువు' అని ఒక కాలమ్ కట్టాలి. ప్రతి జట్టుకీ గత మూడు సీజన్లలో ఛానెల్, టైము ప్రభావం తీసేశాక మిగిలిన భాగం సగటు తీసుకో. మ్యాచ్‌లు తక్కువున్న జట్ల సగటుని మొత్తం సగటు వైపు కొంచెం లాగు, లేకపోతే ఒక్క పెద్ద మ్యాచ్ ఆడిన చిన్న జట్టు ఆకాశంలో కూర్చుంటుంది. మిక్స్‌డ్ మోడల్‌లో జట్టుని ర్యాండమ్ ఎఫెక్ట్‌గా పెడితే అది తనే లాగుతుంది. మ్యాచ్‌కి రెండు అంకెలు ఇవ్వు: ఇద్దరిలో పెద్ద బరువు, చిన్న బరువు. రెంటినీ కలిపి ఒకే సగటు ఇస్తే పెద్ద-చిన్న మ్యాచ్‌కీ మధ్యస్థం-మధ్యస్థం మ్యాచ్‌కీ తేడా పోతుంది.

దీనికి ఒక లోటుంది. పాత బరువు కొత్త మోజుని పట్టుకోలేదు. 2022లో కొలరాడో ఒక్క మ్యాచ్ గెలిచి 11 ఓడింది. 2023లో పేరున్న మాజీ ఆటగాడు డియాన్ శాండర్స్ కోచ్‌గా వచ్చాడు. కొలరాడో-కొలరాడో స్టేట్ మ్యాచ్ తూర్పు అమెరికా టైములో రాత్రి 10 దాటాక ఈఎస్‌పీఎన్‌లో మొదలైంది, స్ప్రెడ్ 20కి పైనే, అయినా 93 లక్షల మంది చూశారు. అలాంటి వేళకి అది విడ్డూరం. దీనికి మందు ఆ సీజన్‌లో అప్పటిదాకా జరిగిన మ్యాచ్‌ల్లో నీ మోడల్ ఎంత తప్పిందో ఆ జట్టు పేరు మీద ఒక కాలమ్‌గా పెట్టుకోవడం. మూడో వారానికే అది సర్దుకుంటుంది.

12 గంటల సంగతి. అది టైము మహిమ కాదు, ఎంపిక మహిమ. 2019 నుంచి ఫాక్స్ తన చేతిలోని మంచి మ్యాచ్‌ని కావాలనే 12 గంటలకి పెడుతోంది. 3:30కి అప్పట్లో సీబీఎస్‌లో ఎస్‌ఈసీ (దక్షిణాది కాలేజీల కూటమి, ఇలాంటివాటిని 'కాన్ఫరెన్స్' అంటారు) మ్యాచ్ ఉండేది, రాత్రికి ఏబీసీ ఉండేది. వాటితో గుద్దుకోకుండా ఖాళీ చోటు పట్టుకుంది. ఏ మ్యాచ్ ఎన్నింటికో చాలావాటికి 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందే తేలుస్తారు. అంటే జనం దేన్ని చూస్తారో ఛానెళ్లు ముందే ఊహించి టైము ఇస్తున్నాయి. నీ మోడల్ ఆ ఊహని టైము ఖాతాలో రాస్తోంది. జట్టు బరువులు పెట్టాక 12 గుణకం ఎంత తగ్గుతుందో చూడు. టైముని ఛానెల్‌తో కలిపి పెట్టు: 'ఫాక్స్-12', 'ఏబీసీ-రాత్రి' ఇలాగ.

ఛానెల్ దగ్గర ఇంకో మాట. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్ నాలుగూ యాంటెనాకి కూడా వస్తాయి, దాదాపు 12.5 కోట్ల టీవీ ఇళ్లన్నిటికీ అందుతాయి. ఈఎస్‌పీఎన్‌కి డబ్బు కట్టాలి. 2011లో దాదాపు 10 కోట్ల ఇళ్లలో ఉండేది, ఇప్పుడు 7 కోట్ల లోపే. మనకి ఇండియా మ్యాచ్ దూరదర్శన్‌లో కూడా వేస్తే ఒక లెక్క, స్టార్ స్పోర్ట్స్‌లో మాత్రమే ఉంటే ఇంకో లెక్క, అదే. కాబట్టి 'ఈఎస్‌పీఎన్' డమ్మీ (ఔనంటే 1, కాదంటే 0 వేసే కాలమ్) 2016లోనూ 2024లోనూ ఒకటే కాదు. దాన్ని సీజన్‌తో గుణించిన కాలమ్ ఒకటి పెట్టు.

---

తోటపాలెం_ఈవెనింగ్ (విజయనగరం)

మూడో డౌట్‌కి జవాబు మోడల్‌లో లేదు, కొలత మారింది.

అమెరికాలో లెక్కించేది నీల్సన్. 'వ్యూయర్స్' అంటే మ్యాచ్ ఏదో ఒక నిమిషం చూసినవాళ్లు కాదు, సగటు నిమిషానికి చూస్తున్నవాళ్లు. మన దగ్గర టీఆర్‌పీలు ఇచ్చే బార్క్ కూడా ఏఎంఏ అని ఇచ్చేది అదే. ప్రకటనల్లో అప్పుడప్పుడు కనిపించే పెద్ద 'రీచ్' (కాసేపైనా చూసినవాళ్లందరి) అంకె, 'పీక్' అంకె ఈ కాలమ్‌లో పడకూడదు. పీక్ అంటే ఎక్కువమంది ఉన్న పావుగంట. సగటు కన్నా ఎప్పుడూ పైనే ఉంటుంది.

ఇక మార్పులు:

2020 శరదృతువు నుంచి ఇంటి బయట చూసేవాళ్లని, అంటే బార్లు, హోటళ్లు, బంధువుల ఇళ్లలో చూసేవాళ్లని, జాతీయ అంకెలో కలిపారు. అయితే దేశంలో దాదాపు మూడింట రెండొంతుల జనాభాకే.
2025 ఫిబ్రవరిలో దాన్ని ప్రధాన భూభాగం మొత్తానికి పెంచారు.
2025 శరదృతువు సీజన్‌తో 'బిగ్ డేటా ప్లస్ ప్యానెల్' అధికారిక లెక్క అయింది. అప్పటిదాకా దాదాపు 42 వేల ఇళ్ల ప్యానెల్. ఇప్పుడు దానికి 4.5 కోట్ల ఇళ్ల సెట్‌టాప్ బాక్సులు, స్మార్ట్ టీవీల డేటా తోడైంది.

చూసే జనం ఒక్కరు పెరగకపోయినా అంకె పెరుగుతుంది. నువ్వు 2024 వరకు నేర్పి 2025ని అడిగావు, తక్కువే చెప్తుంది. 'కొలత విధానం' అని ఒక కాలమ్ పెట్టి 2020కి ముందు, 2020 నుంచి 2024 సీజన్, 2025 సీజన్ అని మూడు విలువలు ఇవ్వు. సీజన్ తేదీని బట్టి గుడ్డిగా కాకుండా, అంకె తీసుకున్న ప్రకటనలో ఏ లెక్క అని రాశారో చూసి వెయ్యి. పాత, కొత్త రెండు లెక్కలూ ఇచ్చిన మ్యాచ్‌లు ఎక్కడైనా దొరికితే వదలొద్దు. ఆ నిష్పత్తే నీకు కావలసిన దిద్దుబాటు.

ఇంటి బయట వీక్షణ అన్ని మ్యాచ్‌లకీ ఒకేలా కలవదు. థాంక్స్‌గివింగ్ వారం, జనవరి 1, పెద్ద రాత్రి మ్యాచ్‌లకి ఎక్కువ. కాబట్టి 'కొలత విధానం' ఇంటూ 'సెలవు' అనే కాలమ్ కూడా ఉండాలి. చాలా మోడళ్లు ఇక్కడే దెబ్బ తింటాయి. పెరుగుదలంతా ఆటకి ఆదరణ అని రాసేస్తారు, వార్తల్లో అయితే మరీ.

2025కి ఇంకో మెలిక: యూట్యూబ్ టీవీకీ (ఇంటర్నెట్‌లో టీవీ ఛానెళ్లు ఇచ్చే సర్వీసు), ఏబీసీ, ఈఎస్‌పీఎన్‌ల యజమాని డిస్నీకీ ఒప్పందం కుదరక అక్టోబర్ 30 నుంచి నవంబర్ 14 వరకు ఏబీసీ, ఈఎస్‌పీఎన్ ఆ సర్వీసులో రాలేదు. నవంబర్ 1, 8 శనివారాలు రెండూ అందులో పడ్డాయి. ఆ రెండు వారాల డిస్నీ ఛానెళ్ల మ్యాచ్‌లకి ఒక గుర్తు పెట్టుకో, లేకపోతే ఆ జట్ల బరువు అన్యాయంగా పడిపోతుంది.

---

గంటస్తంభం_జంక్షన్ (విజయనగరం)

కొలత సంగతి ఎవరూ చెప్పలేదండి, మా మేడంకి కూడా చూపిస్తాను. నాలుగోది ఇంకా అర్థం అవలేదు. మ్యాచ్ ఏకపక్షం అయిపోతే జనం ఛానెల్ మార్చేస్తారు కదా? మరి స్ప్రెడ్ ఎందుకు పనిచేయట్లేదు?

---

కళింగపట్నం_దీపస్తంభం (శ్రీకాకుళం)

మార్చేస్తారు. కానీ నాగావళి గారు స్ప్రెడ్‌ని అంత వెనక్కి తోసెయ్యడం నాకు నచ్చలేదు. ఏది స్ప్రెడ్ పని, ఏది కాదు అన్నది విడదీయాలి.

మ్యాచ్ సుమారు 210 నిమిషాలు సాగుతుంది. మొదటి 90 నిమిషాలు కోటి మంది చూసి, తేడా పెరిగాక మిగిలిన 120 నిమిషాలు 60 లక్షలే మిగిలారనుకో. 90 ఇంటూ 100, ప్లస్ 120 ఇంటూ 60, మొత్తం 16,200. దాన్ని 210తో భాగిస్తే 77 లక్షలు. అంటే 40 శాతం మంది లేచిపోయినా సగటు 23 శాతమే తగ్గింది. ఇది ఏకపక్షం అయిన మ్యాచ్‌కి పడే దెబ్బ. మ్యాచ్‌కి ముందు స్ప్రెడ్ 17 అని ఉంటే అందులో హోరాహోరీగా తేలేవీ ఉంటాయి, 40 తేడాతో పోయేవీ ఉంటాయి. ఆ దెబ్బ పలచబడి నీ గుణకంలో చిన్నగా కనిపిస్తుంది. కోడ్‌లో తప్పు లేదు.

ఇంకో చిక్కు: పెద్ద పేరున్న జట్లే ఎక్కువ పాయింట్ల ఫేవరెట్లు. జట్టు బరువు లేని మోడల్‌లో పెద్ద స్ప్రెడ్ ఉన్నచోట పెద్ద జట్టు ఉంటుంది, కాబట్టి రెండు ప్రభావాలూ కొట్టేసుకుంటాయి. బరువు పెట్టాక స్ప్రెడ్ గుణకం పెరగాలి. దాన్ని సరళరేఖగా పెట్టొద్దు. 7 లోపు, 7-14, 14-21, 21 పైన అని నాలుగు ముక్కలు చెయ్యి. 3కీ 6కీ తేడా జనానికి పట్టదు, 10కీ 24కీ పడుతుంది.

అయితే ఏకపక్షం అయితే చాలు అంకె కూలిపోతుందనీ అనుకోవద్దు. 2015 జనవరి 1న జరిగిన జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్స్ చూడు. రోజ్ బౌల్‌లో ఓరెగన్ 59-20తో ఫ్లోరిడా స్టేట్‌ని చిత్తు చేసింది. అదే రోజు రాత్రి షుగర్ బౌల్‌లో ఒహాయో స్టేట్ 42-35తో అలబామాని గెలిచింది. ఒకటి నరికివేత, ఒకటి ఆఖరిదాకా పోరు. రెంటికీ దాదాపు 2.8 కోట్లే, తేడా లక్షల్లోనే.

అదే ఏడాది చివర సెమీఫైనల్స్‌ని డిసెంబర్ 31కి మార్చారు. జనవరి 1 గురువారం, డిసెంబర్ 31 కూడా గురువారమే. కానీ ఒకటి సెలవు, రెండోది చాలామందికి పనిదినం, సాయంత్రం పార్టీలు. ఆరెంజ్ బౌల్ తూర్పు టైము సాయంత్రం 4 గంటలకే మొదలైంది, పడమటి తీరంలో అప్పుడు మధ్యాహ్నం ఒంటి గంట. దానికి 1.56 కోట్లు, కాటన్ బౌల్‌కి 1.86 కోట్లు. ప్లేఆఫ్‌కి మొదటి ఏడాది కొత్తదనం కొంత ఉంది, కాటన్ బౌల్ 38-0 అయింది, ఒప్పుకుంటాను. అవన్నీ తీసేసినా క్యాలెండర్ కొట్టిన దెబ్బే పెద్దది. నాగావళి గారి వరసలో క్యాలెండర్‌ని ఇంకొంచెం ముందుకి జరపాలంటాను.

జార్జియా 65-7 టీసీయూ ఫైనల్ (2023 జనవరి, 1.72 కోట్లు) చూపించి 'ఏకపక్షం వల్లే' అనేవాళ్లున్నారు. టీసీయూ చిన్న జట్టు కూడా కదా. రెండు కారణాలు ఒకే మ్యాచ్‌లో ఉంటే ఒకదానికి మొత్తం నింద వేయకూడదు.

---

నాగావళి_రేవు (శ్రీకాకుళం)

క్యాలెండర్ మాట ఒప్పుకున్నాను, ప్లేఆఫ్ మ్యాచ్‌ల వరకు. మామూలు సీజన్‌లో అన్నీ శనివారాలే కాబట్టి అక్కడ తేడా చూపించే ఛాన్స్ దానికి తక్కువ.

ఎదురుగా ఏముంది అన్నదానికి కాలమ్ ఎలా కట్టాలో ఇందాక చెప్పలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) శనివారాలు ఎందుకు ఆడదో తెలుసుకుంటే సగం పని అయిపోతుంది. 1961 స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం ఎన్‌ఎఫ్‌ఎల్‌కి టీవీ హక్కుల్ని గుత్తగా అమ్ముకునే మినహాయింపు ఇచ్చింది గానీ, సెప్టెంబర్ రెండో వారాంతం నుంచి డిసెంబర్ రెండో శనివారం దాకా శుక్రవారం రాత్రి, శనివారం ప్రసారాలకి ఆ రక్షణ లేదు. ఆ గడువు దాటగానే శనివారం మ్యాచ్‌లు పెట్టేస్తారు.

2024 డిసెంబర్ 21న ఏమైందో చూడు. 12 జట్ల ప్లేఆఫ్ మొదటి రౌండు. ఎస్‌ఎంయూ-పెన్ స్టేట్ మధ్యాహ్నం టీఎన్‌టీలో (ఇదీ డబ్బు కట్టి చూసే ఛానెలే): 64 లక్షలు. క్లెమ్సన్-టెక్సస్ సాయంత్రం టీఎన్‌టీలో: 86 లక్షలు. రెంటికీ ఎదురుగా ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు, ఒక్కోటి 1.5 కోట్ల పైన. రాత్రి టెనెసీ-ఒహాయో స్టేట్ ఏబీసీ, ఈఎస్‌పీఎన్‌లలో, ఎదురుగా ఎన్‌ఎఫ్‌ఎల్ లేదు: 1.43 కోట్లు. అది 42-17 ఏకపక్షం! ఇందులో ఎంత భాగం ఎన్‌ఎఫ్‌ఎల్‌ది, ఎంత భాగం టీఎన్‌టీది అన్నది ఈ మూడు మ్యాచ్‌లతో విడదీయలేవు, ప్రయత్నించకు.

కాలమ్‌కి పద్ధతి: మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచి 210 నిమిషాలు తీసుకో. మిగతా ఛానెళ్లలో ప్రతి మ్యాచ్‌తో ఎన్ని నిమిషాలు కలుస్తుందో లెక్కించి, ఆ నిమిషాల వాటాని ఆ మ్యాచ్ జట్ల బరువుతో గుణించి కూడు. ఎన్‌ఎఫ్‌ఎల్ నిమిషాలు వేరే కాలమ్. రెండూ కలిపేస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ మిగతావాటిని మింగేస్తుంది.

---

పొందూరు_పోగు (శ్రీకాకుళం)

పైవాళ్లు మోడల్ చెప్పేశారు. షీట్‌లో పురుగులు నేను చెప్తాను.

టైము: మన కంప్యూటర్‌లో డేటా తెరిస్తే భారత సమయంలోకి మారిపోయే ప్రమాదం ఉంది. తూర్పు టైము శనివారం మధ్యాహ్నం 12 అంటే మనకి శనివారం రాత్రి 9:30. 3:30 మ్యాచ్ మనకి ఆదివారం తెల్లవారుజామున 1:00, రాత్రి 7:30 మ్యాచ్ ఆదివారం ఉదయం 5:00. అలా మారితే 12 గంటల మ్యాచ్ ఒక్కటే శనివారం, మిగతావన్నీ ఆదివారం అయి కూర్చుంటాయి. నీ 12 గుణకం విచిత్రంలో ఇదీ ఒక పాత్ర పోషించొచ్చు, ముందు చూసుకో. నవంబర్ మొదటి ఆదివారం వాళ్ల గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఆ తర్వాత 12 అంటే మనకి 10:30. చేత్తో 9:30 గంటలు కలపొద్దు, న్యూయార్క్ టైమ్‌జోన్ పేరు పెట్టి మార్పించు.

ఒకే మ్యాచ్ రెండు మూడు ఛానెళ్లలో వస్తే కొన్ని పట్టికల్లో కలిపిన అంకె ఉంటుంది, కొన్నిటిలో ఛానెల్‌కో వరస ఉంటుంది. జాతీయ ఫైనల్‌కి ఈఎస్‌పీఎన్ కుటుంబంలోని చాలా ఛానెళ్లు ఒకేసారి నడుస్తాయి. మ్యాచ్‌కి ఒకే వరస ఉందో లేదో తేదీ, రెండు జట్ల పేర్లతో డూప్లికేట్ వెతుకు.

పాత సీజన్లలో ఇంకోటి ఉంది: ఏబీసీ ఒకే సమయంలో దేశంలో ఒక భాగానికి ఒక మ్యాచ్, ఇంకో భాగానికి ఇంకో మ్యాచ్ వేసేది. అంకె రెంటికీ కలిపి ఇచ్చేవారు. అలాంటి వరసలు తీసెయ్, పంచడానికి దారి లేదు.

లేని డేటా యాదృచ్ఛికంగా లేకుండా పోలేదు. స్ట్రీమింగ్‌లో మాత్రమే వచ్చినవి, చిన్న కాన్ఫరెన్స్ ఛానెళ్లవి చాలావాటికి అంకె బయటికి రాదు. తక్కువమంది చూసినవే కనిపించకుండా పోతాయి. అందుకని నాలుగు పెద్ద నెట్‌వర్క్‌లు, ఈఎస్‌పీఎన్, ఈఎస్‌పీఎన్2, ఎఫ్‌ఎస్1 (ఫాక్స్ వాళ్ల క్రీడా ఛానెల్) వరకే మోడల్ అని రిపోర్ట్‌లో ముందే రాసెయ్. వైవాలో అడిగేలోగా.

ర్యాంకు లేని జట్టుకి సున్నా వేశారా? వేస్తే ఒకటో ర్యాంకు కన్నా గొప్పది అయిపోతుంది. టాప్ 5, 6-10, 11-25, ర్యాంకు లేదు అని నాలుగు డమ్మీలు చెయ్యి. మ్యాచ్ జరిగిన వారానికి ముందు వచ్చిన ర్యాంకే వాడాలి.

చివరిది లాగ్. వ్యూయర్‌షిప్‌కి సహజ లాగ్ తీసే నేర్పుతారు, మంచిదే, ప్రభావాలన్నీ శాతాల్లో పనిచేస్తాయి. కానీ వెనక్కి మార్చేటప్పుడు ఎక్స్‌పోనెన్షియల్ ఒక్కటే తీస్తే వచ్చేది మధ్యస్థం (మీడియన్), సగటు కాదు. మిగులు (అసలుకీ అంచనాకీ తేడా) ప్రామాణిక విచలనం 0.5 ఉంటే దాని వర్గంలో సగం 0.125, ఎక్స్‌పోనెన్షియల్ తీస్తే 1.13. అంటే సగటు కావాలంటే ప్రతి అంచనానీ 1.13తో గుణించాలి. 'అన్నీ తక్కువ చెప్తంది' అన్నావు కదా, తోటపాలెం గారు చెప్పిన కొలత మార్పు మీద ఇదీ తోడై ఉంటుంది. 2024 మీద కూడా తక్కువే వస్తుంటే ఇది ఉన్నట్టు, 2025లోనే వస్తుంటే కొలత మార్పు.

---

గంటస్తంభం_జంక్షన్ (విజయనగరం)

సార్, లాగ్ వెనక్కి మార్చడంలో అదే చేసాం, ఎక్స్‌పోనెన్షియల్ ఒక్కటే. ఒక్క డౌట్ మిగిలింది. 2020 సీజన్ ఉంచాలా, తీసేయాలా?

---

తోటపాలెం_ఈవెనింగ్ (విజయనగరం)

తీసెయ్. కరోనా వల్ల బిగ్ టెన్ (మిషిగన్, ఒహాయో స్టేట్ ఉన్న కాన్ఫరెన్స్) అక్టోబర్ చివర్లో గానీ మొదలవలేదు, మ్యాచ్‌లు రద్దయ్యాయి, స్టేడియాలు చాలావరకు ఖాళీ, పైగా ఇంటి బయట లెక్క కలిపిన మొదటి సీజన్‌లో చాలాచోట్ల బార్లే మూతబడ్డాయి. జట్టు బరువుకి మూడు సీజన్ల సగటు తీసేటప్పుడు కూడా 2020ని దాటేసి, 2021 కోసం 2017, 2018, 2019 తీసుకో.